బక్స్‌టన్: గోరువెచ్చని నీటి బుగ్గ చుట్టూ పుట్టిన ఊరు

ఇంగ్లండ్‌లో స్పా ఊరు, అంటే ఆరోగ్యం కోసం జనం స్నానాలకు వచ్చే నీటి బుగ్గల ఊరు, చూడాలంటే మనవాళ్ళు ముందు బాత్‌కి వెళ్తారు. లండన్ నుంచి స్టోన్‌హెంజ్‌తో కలిపి ఒక్క రోజులో తిప్పి తీసుకొచ్చే టూర్ బస్సులు ఉండటం దానికి ఒక కారణం. బాత్ నిజంగా గొప్ప ఊరు, నాకు చాలా ఇష్టం కూడా. అయితే అక్కడ 46 డిగ్రీల వేడితో ఆవిర్లు చిమ్మే రోమన్ కొలను చుట్టూ తిరిగి చూడాలే తప్ప అందులో దిగనివ్వరు. దిగాలనుకుంటే దగ్గర్లోని కొత్త స్పాలో టికెట్ కొనుక్కోవాలి. యార్క్‌షైర్‌లోని హారోగేట్‌లో గంధకపు బుగ్గ మీద కట్టిన పంప్ రూమ్, అంటే ఒకప్పుడు బుగ్గ నీళ్ళు తాగించిన హాలు, ఇప్పుడు మ్యూజియం. ఆ రెండూ చూశాక నాకు ఒక కోరిక మిగిలిపోయింది. ఏ నీళ్ళ వల్ల ఊరు పుట్టిందో ఆ నీళ్ళను ఊరివాళ్ళు ఈరోజుకీ పైసా ఖర్చు లేకుండా పట్టుకుని తాగే చోటు చూడాలని. డెర్బీషైర్ కొండల్లో ఉన్న బక్స్‌టన్‌లో అది తీరింది. అమ్మా నాన్నా వేసవికి మాంచెస్టర్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళను కూడా తీసుకెళ్ళాను.

మాంచెస్టర్ పికడిల్లీ నుంచి నేరుగా రైలు ఉంది. సుమారు గంట ప్రయాణం. స్టాక్‌పోర్ట్ దాటాక ఇళ్ళు పలచబడి, రాతి గోడలతో గళ్ళు గళ్ళుగా విడదీసిన పచ్చిక కొండలు మొదలవుతాయి. రైలు పైకి ఎక్కుతూనే ఉంటుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉంది. అదే ఆఖరి స్టేషన్ కాబట్టి పెద్దవాళ్ళను తొందరపెట్టి దించాల్సిన టెన్షన్ లేదు. స్టేషన్ గోడలో విసనకర్రలా విచ్చుకున్న పెద్ద అద్దాల కిటికీని తప్పకుండా చూడండి. 1863లో రెండు రైల్వే కంపెనీలు పోటీపడి ఇక్కడికి లైన్లు వేస్తే, ఊరి అందం చెడకుండా రెండు స్టేషన్లనూ ఒకే తీరులో పక్కపక్కనే కట్టించారు. ఒకటి పోయింది, ఒకటి మిగిలింది.

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే క్రెసెంట్ అనే నెలవంక ఆకారపు భవనం ముందుకు వస్తాం. దానికి ఎదురుగా, రోడ్డు వారనే సెయింట్ ఆన్స్ వెల్ ఉంది. పేరుకు బావి, చూడటానికి మాత్రం రాతి గోడకు అమర్చిన కుళాయి. ఇత్తడి సింహం నోట్లోంచి నీళ్ళు ఆగకుండా పడుతుంటాయి. పైన సెయింట్ ఆన్ విగ్రహం, ఆవిడ దగ్గర చిన్నపిల్లగా ఆవిడ కూతురు, ఏసుక్రీస్తు తల్లి మేరీ. ఇప్పుడున్న ఈ కట్టడం 1940 నాటిది. టికెట్ లేదు, గేటు లేదు, మూసే వేళ అంటూ లేదు. మేం వెళ్ళేసరికి ఒకాయన కారు డిక్కీలోంచి ఐదు లీటర్ల క్యాన్లు దించి వరసగా నింపుకుంటున్నాడు. మా చేతిలో చిన్న సీసా చూసి పక్కకు జరిగి ముందు మమ్మల్ని పట్టుకోమన్నాడు. చిన్న సీసాలవాళ్ళకు దారి ఇవ్వడం అక్కడ అందరికీ అలవాటేనని కాసేపు నిలబడి చూస్తే అర్థమైంది.

"ఒరేయ్, ఇవి గోరువెచ్చగా ఉన్నాయిరా," అంది అమ్మ దోసిలి పట్టి. నాన్న రెండు గుక్కలు తాగి, ఉప్పు లేదు, వాసన లేదు, మన ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళలాగే ఉన్నాయన్నారు. ఆయన మాట నిజం. హారోగేట్ నీళ్ళలా కోడిగుడ్డు కంపు కొట్టవు, బాత్ పంప్ రూమ్‌లో ఇచ్చే నీళ్ళలా నాలుక మీద లోహపు రుచి వదలవు. వెనక నిలబడ్డ ముసలావిడ, "ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టుకుని తాగండి, అప్పుడు తెలుస్తుంది రుచి," అంది. మేం అలాగే చేశాం. చల్లబడ్డాక నిజంగానే బాగున్నాయి.

ఈ నీళ్ళు ఏడాది పొడవునా 27.5 డిగ్రీల దగ్గరే ఉంటాయి. బయట మంచు కురుస్తున్నా అంతే. దాదాపు 5,000 ఏళ్ళ కిందట ఈ కొండల మీద పడిన వాన సున్నపురాయి పగుళ్ళలోంచి భూమి లోతుల్లోకి ఇంకి, అక్కడ వేడెక్కి, తిరిగి పైకి వస్తోందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. ఇంగ్లండ్ షాపుల్లో బక్స్‌టన్ పేరుతో అమ్మే నీళ్ళ సీసాలు మనవాళ్ళు చూసే ఉంటారు. ఆ నీళ్ళు ఈ ఊరివే. మేం మాంచెస్టర్‌లో కొనుక్కుని తాగే నీళ్ళు ఇక్కడ సింహం నోట్లోంచి ఉచితంగా పడుతున్నాయని తెలిసి నాన్న బ్యాగులో ఉన్న ఖాళీ సీసాలన్నీ బయటికి తీశారు.

ఈ బుగ్గ నీళ్ళు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం రెండు వేల ఏళ్ళుగా నడుస్తోంది. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది అదే.

రోమన్లు ఈ చోటును ఆక్వే ఆర్నెమెటియే అన్నారు. ఆర్నెమెటియా అంతకు ముందు నుంచే ఇక్కడివాళ్ళు కొలుచుకునే దేవత. రోమన్లు ఆవిడను తీసెయ్యలేదు, ఆవిడ పేరే ఊరికి పెట్టారు. 1970లలో బుగ్గ దగ్గర తవ్వినప్పుడు భక్తులు నీళ్ళలో వేసిన రోమన్ నాణేలు వందల్లో దొరికాయి. క్రైస్తవం వచ్చాక అదే బుగ్గ సెయింట్ ఆన్ పేరుకు మారింది. జబ్బు నయమైనవాళ్ళు తమ ఊతకర్రలను అక్కడే వదిలి వెళ్ళేవాళ్ళు. చొక్కాలు, దుప్పట్లు, మైనపు కానుకలు మొక్కుబడిగా సమర్పించేవాళ్ళు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇది మూఢభక్తి అని నిర్ణయించాడు. ఆయన తరఫున సర్ విలియం బాసెట్ వచ్చి, సెయింట్ ఆన్ విగ్రహాన్ని తీసేసి, ఆ ఊతకర్రలన్నీ ఎత్తుకెళ్ళి, బుగ్గలకు తాళం వేసి సీలు కొట్టాడు. రాజు ఆజ్ఞతో నీళ్ళకే తాళం పడిందన్నమాట. కానీ కీళ్ళ నొప్పులు రాజాజ్ఞకు లొంగవు కదా. ఒక తరం తిరిగేసరికి బక్స్‌టన్ మళ్ళీ కిటకిటలాడింది. ఈసారి దేవత పేరుతో కాదు, వైద్యం పేరుతో. 1572లో జాన్ జోన్స్ అనే వైద్యుడు ఇక్కడి స్నానాల గుణాల గురించి ఒక పుస్తకమే రాశాడు. అదే ఏడాది ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన పేదల చట్టంలో బాత్, బక్స్‌టన్ పేర్లు ఉన్నాయి. జబ్బుపడ్డ పేదవాడు ఈ రెండు ఊళ్ళకూ రావాలంటే ఇద్దరు న్యాయాధికారుల దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. నొప్పి ఉన్న పేదవాడు వేడినీళ్ళ దగ్గరికి పోవడానికి కాగితం కావాలన్న ఆ ఒక్క నిబంధన చాలు, అప్పట్లో ఈ ఊరికి ఎంతమంది నడిచి వచ్చేవాళ్ళో ఊహించుకోవడానికి.

కాగితంతో పనిలేకుండా వచ్చినవాళ్ళలో అందరికంటే పేరున్నది స్కాట్లండ్ రాణి మేరీ. ఎలిజబెత్ రాణి ఆమెను ఇంగ్లండ్‌లో బందీగా ఉంచింది. కాపలా బాధ్యత ష్రూస్‌బరీ ప్రభువుది. మేరీకి కీళ్ళవాతం. 1573 నుంచి 1584 మధ్యలో ఆమెను పలుమార్లు ఇక్కడికి స్నానాలకు తీసుకొచ్చారు. ఆమె కోసం, ఆమెను కనిపెట్టి ఉండటం కోసం, ష్రూస్‌బరీ ప్రభువు బుగ్గ పక్కనే ఒక పెద్ద ఇల్లు కట్టించాడు. ఆ చోటే ఇప్పటి ఓల్డ్ హాల్. ఆఖరిసారి వెళ్ళేటప్పుడు, 'వెచ్చని నీళ్ళతో పేరుపొందిన బక్స్‌టన్, మళ్ళీ నిన్ను చూస్తానో లేదో, సెలవు' అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలు కిటికీ అద్దం మీద గీసిందని చెబుతారు. 1587లో ఆమె తల తీయించారు. ఆ భవనం ముందు నిలబడి అమ్మకు ఈ కథ చెబుతుంటే, "జైల్లో ఉన్నదానికి నీళ్ళే ఊరట అయ్యాయేమో పాపం," అంది.

ఇక క్రెసెంట్ సంగతి. బాత్‌లో రాయల్ క్రెసెంట్ లేచిన కొద్ది కాలానికే దానికి దీటుగా ఇక్కడ కూడా ఒకటి ఉండాలని ఐదో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ అనే ప్రభువు అనుకున్నాడు. ఎక్టన్ రాగి గనుల్లో వచ్చిన లాభం ఆయన దగ్గర ఉంది. యార్క్‌కు చెందిన జాన్ కార్ అనే వాస్తుశిల్పి 1780లో మొదలుపెట్టి 1789 నాటికి పూర్తి చేశాడు. బాత్‌లోది ఇళ్ళ వరస. ఇక్కడిది మాత్రం హోటళ్ళు, నాట్యాల హాలు, దుకాణాలు, కింద వాన తగలకుండా నడిచే వరండా అన్నీ ఒకే కప్పు కింద. ఇరవయ్యో శతాబ్దంలో స్నానాల వైద్యానికి ఆదరణ తగ్గి, భవనం దెబ్బతిని, 1990ల మొదట్లో పూర్తిగా మూతపడింది. 2003 ప్రాంతంలో మొదలైన బాగుచేత 2020 అక్టోబరులో ముగిసింది. మధ్యలో డబ్బు కష్టాలు వచ్చాయి. కిందే ఉన్న బుగ్గకు హాని కలగకుండా పని చేయాల్సి రావడం ఇంకో కష్టం. సుమారు 7 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఇప్పుడది ఐదు నక్షత్రాల స్పా హోటల్.

అక్కడ బస చేయాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. భవనం మీద, చరిత్ర మీద మనసున్న దంపతులు ఒక్క రాత్రి ఉండటానికి అది అద్భుతమైన చోటు. కిటికీ తెరిస్తే ఎదురుగా స్లోప్స్ అనే గుట్ట పచ్చిక, కింద బుగ్గ. కుటుంబంతో, పెద్దవాళ్ళతో, రెండు గదులు కావాల్సినవాళ్ళకు మాత్రం ఆ ఖర్చు బరువే. మేం బస చేయలేదు. స్పాకు మాత్రం టికెట్ కొనుక్కుని నేను వెళ్ళాను. రంగుటద్దాల కప్పు కింద, బుగ్గ నీళ్ళతో నిండిన పాత కొలను ఉంది. అందులో వెల్లకిలా తేలుతూ పైన రంగులు చూస్తూ గడిపిన సమయానికి ఇచ్చిన డబ్బు సరిపోయింది. పైకప్పు మీద ఉన్న కొలను, ఆవిరి గదులు బాగానే ఉన్నాయి కానీ అలాంటివి ఏ పెద్ద హోటల్లోనైనా దొరుకుతాయి. ఆ ఒక్కరి టికెట్ డబ్బుతో మేం ముగ్గురం ఊళ్ళో రెండు పూటలు హాయిగా భోంచేయొచ్చు. స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, వారాంతాల్లో దొరకడం కష్టం.

అమ్మకు నేను చూపించాలనుకున్నది వేరే కొలను. పెవిలియన్ గార్డెన్స్‌లో 1972 నుంచి నడుస్తున్న ఊరి స్విమ్మింగ్ పూల్ ఉంది. అందులోనూ ఈ బుగ్గ నీళ్ళే. టికెట్ ఏ ఊరి పూల్‌కైనా ఉండేంతే. భవనం మామూలుగా ఉంటుంది, లాకర్లు, పిల్లల అరుపులు, క్లోరిన్ వాసన అన్నీ ఉంటాయి. ఒళ్ళంతా కప్పే స్విమ్మింగ్ డ్రెస్ ముందే కొని తెచ్చాం కాబట్టి అమ్మ మొహమాటం లేకుండా దిగింది. ఛాతీ లోతు నీళ్ళలో గోడ పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, "మోకాలు ఉన్నట్టే తెలియట్లేదురా," అంది. నీళ్ళు ఒంటి బరువును మోస్తాయి కాబట్టి అరిగిన కీలు మీద భారం తగ్గుతుంది, వెచ్చదనానికి బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. ఫిజియోథెరపీ వాళ్ళు నీళ్ళలో వ్యాయామం చేయించేది అందుకే. ఈ నీళ్ళు తాగితే నొప్పులు పోతాయని నేను నమ్మను, ఆ ఆశతో ఎవరినీ తీసుకెళ్ళవద్దు. కానీ వెచ్చటి నీళ్ళలో నడిచినంతసేపు దొరికే ఉపశమనం నిజమైనది. రాణి మేరీ కోరి కోరి వచ్చింది కూడా దానికోసమే అయ్యుంటుంది.

పేదలకు ఆ ఉపశమనం అందించిన కట్టడం కూడా ఈ ఊళ్ళోనే ఉంది. క్రెసెంట్‌లో దిగిన అతిథుల గుర్రాల కోసం జాన్ కార్ కట్టిన గుండ్రని గుర్రపుశాలలో కొంత భాగాన్ని 1859లో ధర్మాసుపత్రికి ఇచ్చారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లాంకషైర్ మిల్లులు మూతపడిన రోజులు ఆ వెంటనే వచ్చాయి. ఆ కార్మికుల సహాయం కోసం పోగైన నిధిలోంచి తరువాత ఈ ఆసుపత్రికి పెద్ద మొత్తం వచ్చింది. మిల్లు ఊళ్ళ పేద రోగులకు మంచాలు కేటాయించాలన్నది షరతు. దాంతో గుర్రాలు తిరిగిన నడిమి ఆవరణ మీద 1881 నాటికి రాబర్ట్ రిప్పన్ డ్యూక్ అనే వాస్తుశిల్పి (ఇక్కడ డ్యూక్ అన్నది ఇంటిపేరే) పెద్ద గుమ్మటం లేపాడు. వ్యాసం 44 మీటర్లు. లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటం కంటే పెద్దది. బీజాపూర్ గోల్ గుంబజ్ చూసినవాళ్ళకు ఆ వైశాల్యం చెప్పక్కర్లేదు, దాని బయటి వ్యాసం కూడా దాదాపు అంతే. గుమ్మటం కడుతున్న సమయంలోనే 1879 డిసెంబరులో స్కాట్లండ్‌లో టే నది మీది రైలు వంతెన తుఫానుకు కూలిపోయింది. ఆ భయంతో గుమ్మటాన్ని మోసే ఉక్కు కమానులను ఎనిమిది నుంచి ఇరవై రెండుకు పెంచారు. ఆసుపత్రి 2000లో మూతపడింది, తరువాత డెర్బీ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. లోపలికి వెళ్ళే వీలుంటే సరిగ్గా నడిమధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఆ ప్రతిధ్వని వినాలి. రోజూ తెరిచి ఉంటుందన్న నమ్మకంతో వెళ్ళకుండా ముందు కనుక్కోండి. నన్ను అడిగితే, డ్యూక్ డబ్బుతో లేచిన క్రెసెంట్ కంటే మిల్లు కార్మికుల కోసం లేచిన ఈ గుమ్మటమే బక్స్‌టన్‌లో అన్నిటికంటే గౌరవించదగిన కట్టడం.

క్రెసెంట్ పక్కనే కావెండిష్ ఆర్కేడ్ అనే చిన్న షాపింగ్ వరస ఉంది. ఒకప్పటి వేడినీటి స్నానాల గదులవి. గోడల మీద పాత టైల్స్ అలాగే ఉంచారు. నడవలేని రోగిని కుర్చీలో కూర్చోబెట్టి గొలుసులతో నీళ్ళలోకి దించే ఏర్పాటు కూడా ఒక చోట కనిపిస్తుంది. సబ్బులు, చాక్లెట్ల షాపులకు వెళ్ళేవాళ్ళు చాలామంది దాన్ని గమనించకుండానే దాటిపోతున్నారు. రోమన్ నాణేలను దాచిన ఊరి మ్యూజియం భవనంలో కొయ్యకు బూజు తెగులు పట్టి 2023లో మూసేశారు. చరిత్ర కోసం వెళ్ళేవాళ్ళకు అది నిజంగా లోటు. పాత పంప్ రూమ్‌లో ఉన్న సందర్శకుల కేంద్రం ఆ లోటును కొంత తీరుస్తుంది. అక్కడివాళ్ళు ఓపిగ్గా సమాధానాలు చెప్పారు, మ్యాపు మీద మెట్లు లేని దారులు గీసి ఇచ్చారు.

బస గురించి. పెవిలియన్ గార్డెన్స్‌కు ఆనుకుని బ్రాడ్ వాక్ అనే బండ్లు తిరగని వీధి ఉంది. దాని మీద విక్టోరియా కాలపు ఇళ్ళు చాలావరకు గెస్ట్ హౌస్‌లు. స్థలం పరంగా అంతకంటే మంచిది లేదు. ఉదయం లేవగానే పార్కు, ఐదు నిమిషాల్లో బుగ్గ. కానీ ఈ పాత ఇళ్ళలో లిఫ్టులు ఉండవు. మేం దిగిన చోట కింది అంతస్తు గది ఇస్తామని ఈమెయిల్‌లో రాసి, తీరా వెళ్ళాక రెండో అంతస్తు తాళం చేతికిచ్చారు. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. అమ్మ ఒక్కో మెట్టూ కూర్చుంటూ ఎక్కాల్సి వచ్చింది. గట్టిగా అడిగితే మర్నాటికి గది మార్చారు, డబ్బు మాత్రం కొంచెం కూడా తగ్గించలేదు. అందుకే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గది నంబరు, అంతస్తు రాయించుకోండి, బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి ఇంకోసారి అడగండి. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం చక్కగా పెట్టారు. మేం గుడ్డు, మాంసం తినం అని చెబితే డెర్బీషైర్ ఓట్‌కేక్ వేసి ఇచ్చారు. ఓట్స్ పిండిని ఈస్ట్‌తో పులియబెట్టి పెనం మీద పోసిన మెత్తటి అట్టు అది. చీజ్, పుట్టగొడుగులు పెట్టి మడుస్తారు. నాన్న నాతో ఆవకాయ సీసా తెప్పించుకుని మరీ తిన్నారు. సాయంత్రాలకు ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. అక్కడ దొరికేది బ్రిటిష్ వాళ్ళ రుచికి చేసిన కూర, మన భోజనం కాదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే రోజూ అన్నం, పప్పు తినాలనుకునేవాళ్ళకు సుఖం.

మేం వెళ్ళింది జూలైలో. బావులను పూలతో అలంకరించే వారం అది. ప్రధానంగా డెర్బీషైర్ ఊళ్ళలో కనిపించే ఆచారం ఇది. పెద్ద చెక్క పలకలను నీళ్ళలో నానబెట్టి, వాటి మీద తడి బంకమట్టి పరిచి, పూలరేకులు, ఆకులు, గింజలు, నాచు ఒక్కొక్కటిగా అద్ది బొమ్మ తేలుస్తారు. అమ్మ చూడగానే బతుకమ్మ పేర్చినట్టే పూలన్నీ వరస తప్పకుండా ఉన్నాయంది. బక్స్‌టన్‌లో ఇది మొదలైన కారణం నాకు బాగా నచ్చింది. బుగ్గ ఉన్నది ఊరి దిగువన, మార్కెట్ వీధి ఉన్నది గుట్ట మీద. పైన ఉండేవాళ్ళు నీళ్ళు మోసుకుని ఎక్కాల్సి వచ్చేది. అప్పటి డ్యూక్ పైపులు వేయించి మార్కెట్ దగ్గరికి నీళ్ళు తెప్పించినందుకు కృతజ్ఞతగా 1840లో అక్కడి కుళాయిని పూలతో అలంకరించారు. అప్పటి నుంచి వచ్చిన ఆనవాయితీ. ఒక ఊరు కుళాయికి పూజ చేసినంత పని చేసిందంటే ఆ నీళ్ళు మోసిన చేతుల నొప్పి ఎంతుండాలి!

ఆ నెలలోనే సంగీత నాటకాల ఉత్సవం కూడా జరుగుతుంది. గదుల అద్దెలు పెరుగుతాయి, ముందు బుక్ చేసుకోకపోతే దొరకవు. ఉత్సవం ప్రధానంగా జరిగేది ఆపెరా హౌస్‌లో. 1903లో ఫ్రాంక్ మ్యాచమ్ కట్టిన థియేటర్ అది. సీట్లు సుమారు తొమ్మిది వందలే. చాలా ఏళ్ళు సినిమా హాలుగా నడిచి, 1979లో బాగుచేసుకుని ఉత్సవంతో మళ్ళీ తెరుచుకుంది. బంగారు పూత బాల్కనీలు, బొమ్మలు గీసిన కప్పు చూడటానికైనా ఒక చవక టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు. పక్కనే ఉన్న ఆక్టగన్ హాల్లో 1963లో బీటిల్స్ రెండుసార్లు పాడారు.

వేసవి కదా అని పల్చటి బట్టలతో వెళ్ళకండి. క్రికెట్ అభిమానులకు ఈ ఊరి వాతావరణం గురించి ఒక్క సంగతి చెబితే చాలు. 1975 జూన్ 2న ఇక్కడ డెర్బీషైర్, లాంకషైర్ మధ్య జరుగుతున్న కౌంటీ మ్యాచ్ మంచు పడి ఆగిపోయింది. జూన్‌లో! శనివారం క్లైవ్ లాయిడ్ 167 నాటౌట్, లాంకషైర్ 5 వికెట్లకు 477. సోమవారం మైదానమంతా తెల్లటి మంచు, అంపైర్ డికీ బర్డ్ ఆట లేదన్నాడు. మంగళవారం ఆ తడి పిచ్ మీద డెర్బీషైర్ 42కు ఒకసారి, 87కు ఒకసారి కుప్పకూలింది. నాన్న నన్ను మైదానం దాకా నడిపించుకుని వెళ్ళారు.

ఊరి అంచున పూల్స్ కేవర్న్ అనే సున్నపురాయి గుహ ఉంది. లోపల ఏడాదంతా 7 డిగ్రీల చలి, స్వెట్టర్ తప్పనిసరి. గైడ్ వెంట మాత్రమే వెళ్ళాలి. మా గైడ్ వయసులో చిన్నమ్మాయి, పెద్దవాళ్ళకు రెయిలింగ్ ఎక్కడ ఉందో చూపిస్తూ నెమ్మదిగా నడిపించింది. కింది నుంచి పెరిగిన రాళ్ళలో కొన్ని పైన పచ్చసొన పెట్టిన గుడ్డులా ఉంటాయి, అవి ఈ గుహ ప్రత్యేకత. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొదటి సగం సులభంగా చూడొచ్చు, చివర్లో మెట్లున్నాయి. గుహ పక్క నుంచి అడవి దారిలో పైకి ఎక్కితే సాలమన్స్ టెంపుల్ అనే గుండ్రటి రాతి బురుజు వస్తుంది. ఇప్పుడున్నది 1896లో కట్టారు. దాని మీద నుంచి ఊరు మొత్తం, గుమ్మటంతో సహా కనిపిస్తుంది. ఇంకోవైపు తెల్లగా కోసేసిన సున్నపు క్వారీలు కనిపిస్తాయి. 1951లో పీక్ డిస్ట్రిక్ట్‌ను బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించినప్పుడు, ఆ క్వారీల వల్లే బక్స్‌టన్ చుట్టుపక్కల ప్రాంతాన్ని సరిహద్దుకు బయట ఉంచేశారు. మూడు వైపులా పార్కే, ఊరు మాత్రం పార్కులో లేదు.

డ్యూక్ వంశం వాళ్ళ చాట్స్‌వర్త్ భవనం, బేక్‌వెల్ ఊరు ఇక్కడి నుంచి చూసి రావచ్చు. చాట్స్‌వర్త్ లోపలంతా తిరగాలంటే పూట పడుతుంది, టికెట్ ఖరీదైనదే. తోటలకు మాత్రం విడిగా టికెట్ ఇస్తారు, పెద్దవాళ్ళతో అది చాలు. నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈయమ్ అనే చిన్న పల్లె. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో అక్కడికి ప్లేగు చేరింది. పక్క ఊళ్ళకు పాకకూడదని ఆ పల్లె తనను తానే మూసుకుంది. బయటివాళ్ళు సరుకులు పొలిమేరలో పెట్టి వెళ్తే, ఊరివాళ్ళు రాతి గుంటల్లోనూ నీటి ఊటలోనూ డబ్బులు ఉంచేవాళ్ళు. కోవిడ్ రోజులు చూసిన మనకు అక్కడి ఇళ్ళ ముందు రాసిన పేర్లు, తేదీలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

కారు లేకుండా ఈ పల్లెలకు తిరగడం కష్టమే. బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ, సాయంత్రం ఆఖరి బస్సు తొందరగా వెళ్ళిపోతుంది. మాంచెస్టర్ నుంచి పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళయితే ఇవన్నీ పెట్టుకోకుండా బుగ్గ, క్రెసెంట్, గుమ్మటం, ఊరి పూల్, మార్కెట్ వీధి చూసుకోండి. రెండు రాత్రులు ఉండేవాళ్ళు ఒక రోజు ఊరికి, ఒక రోజు గుహకూ ఈయమ్‌కూ ఇవ్వండి. ఉత్సవాల మీద ఆసక్తి లేకపోతే సెప్టెంబరు మంచి నెల. గదులు చవకగా దొరుకుతాయి, పార్కులో జనం పలచగా ఉంటారు, బుగ్గ దగ్గర వరసలో నిలబడే పని కూడా ఉండదు.